ఆరో తీగ రంగు

నేను పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫొటోలు తీసేది వేరేవాళ్ళు. వాళ్ళు తీసిన మూడు నాలుగు వేల ఫొటోలు నా దగ్గరికి వస్తాయి. అందులోంచి ఓ రెండొందలు ఏరి, పేజీలుగా పేర్చి, వెనకాల రంగులు వేసి, పెళ్ళికూతురి నుదుటి మీద మెరిసే చెమట తుడిచి, పీటల పక్కనే కునుకు తీస్తున్న బాబాయిని పేజీ అంచుకి జరిపి, అచ్చుకి పంపడం నా పని. విజయవాడలో, పటమటలో మా ఇంటి మేడమీద గదిలో కూర్చుని పదిహేనేళ్ళుగా ఇదే చేస్తున్నాను. హనుమాన్ జంక్షన్ నుంచి కంకిపాడు దాకా ఎన్ని ఇళ్ళ బీరువాల్లో నా పేజీలున్నాయో నాకే తెలియదు.

అన్ని ఫొటోలు దాచడానికి మా ఇంట్లో ఒక సర్వర్ ఉంది. సర్వర్ అనగానే మా చుట్టాలు అదేదో బ్యాంకులో ఉండే వస్తువనుకుంటారు. మా పాత కంప్యూటర్ డబ్బాలో నాలుగు హార్డ్ డిస్కులు బిగించాం, అంతే. మొదట్లో అది నా బల్ల కిందే ఉండేది. జానెడు తీగతో నా కంప్యూటర్‌కి కలిపి ఉండేది. ఏ పెళ్ళి కావాలన్నా నొక్కిన వెంటనే వచ్చేది. ఒకటే బాధ, చప్పుడు. పైగా ఎండాకాలంలో అది వదిలే వేడికి నా కాళ్ళు ఉడికిపోయేవి. ఈ మే నెలలో ఇక భరించలేక, దాన్ని కింద మెట్ల కిందున్న సామాన్ల గదిలోకి మార్చేద్దామన్నాను.

మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తారు. వేసవి సెలవలు, చేతినిండా తీరిక. "మేడమీంచి కింద దాకా కేబుల్ నేనే లాగుతాను, మనిషిని పిలవక్కర్లేదు" అన్నారు. నాకు అప్పుడే కొంచెం భయం వేసింది. ఆయన పనిలోకి దిగితే సగంలో వదిలే మనిషి కాదు. అదే భయం.

నాలుగు రోజులు వీడియోలు చూశారు. పొడుగు నోటుపుస్తకంలో రాసుకున్నారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ షాపుకి వెళ్ళి కేబుల్ చుట్ట, ప్లగ్గులు, వాటిని బిగించే కటింగ్ ప్లేయర్ లాంటి పరికరం, తీగని పరీక్షించే టెస్టరు తెచ్చారు. ఆ కేబుల్ లోపల ఎనిమిది సన్నటి తీగలుంటాయి, ఒక్కోటి ఒక్కో రంగు. వాటిని ఫలానా వరసలో ప్లగ్గులో దూర్చాలి. ఆ వరస మర్చిపోకుండా ఆయన దానికి రాగం కట్టారు. స్నానం చేస్తూ, "నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, నీలం..." అని పాడేవారు.

మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. రెండో రోజు ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగారు.

"అబ్బాయి కొత్త స్తోత్రమేదో మొదలుపెట్టాడే! ఏ దేవుడిదమ్మాయ్?"

"దేవుడిది కాదత్తయ్యా, కేబుల్‌ది."

"ఏదైతేనేం, స్నానం చేసి చదువుతున్నాడు" అని సంతోషించారు.

కేబుల్ లాగడానికి రెండు రోజులు పట్టింది. నా గది వెంటిలేటర్లోంచి బయటికి, మెట్ల గోడ వెంట కిందికి, వంటింటి అటక మీదుగా, సామాన్ల గదిలో బియ్యం బస్తాల పక్కకి. ముప్ఫై మీటర్లు. మేకులు కూడా స్కేలు పెట్టి సమానదూరంలో కొట్టారు. రెండు చివర్లా ప్లగ్గులు బిగించాక, అందరం రావాలన్నారు. అందరం అంటే నేనూ అత్తయ్యా. టెస్టరు రెండు ముక్కలుగా ఉంటుంది. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి తగిలిస్తే, ఒకటి నుంచి ఎనిమిది దాకా చిన్న చిన్న లైట్లు వరసగా వెలగాలి. వెలిగాయి. ఎనిమిదీ వెలిగాయి, ఒక్కటి తప్పలేదు. మా ఆయన మొహంలో అంత వెలుగు నేను మా పెళ్ళి ఫొటోల్లో కూడా చూడలేదు. అత్తయ్య టెస్టరుకి కుంకుమ బొట్టు పెట్టారు.

మర్నాడు పొద్దున్న హనుమాన్ జంక్షన్ వాళ్ళ పెళ్ళి తెరిచాను. నలభై పేజీల ఆల్బమ్, దాదాపు అయిపోయినట్టే. తెర మీద మొదట పెళ్ళికూతురి పాపిటబిళ్ళ వచ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి నుదురు వచ్చింది. కిందికెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చేసరికి ముక్కు దాకా దిగింది. కాఫీ తాగడం అయిపోయింది. గడ్డం ఇంకా రాలేదు. ఫోల్డర్ మొత్తాన్ని నా కంప్యూటర్‌లోకి తెచ్చుకుందామని చూస్తే, ఇంకా పదకొండు గంటలంది. ఓ నిమిషం తర్వాత రెండు రోజులంది. ఆ తర్వాత నాలుగు నిమిషాలని ఆశపెట్టి, మళ్ళీ పదిహేడు గంటలకి వెళ్ళిపోయింది.

ఆ పెళ్ళి ఫొటోలు తీసినతను హనుమాన్ జంక్షన్‌లో స్టూడియో నడుపుతాడు. పన్నెండింటికి ఫోన్ చేశాడు.

"అక్కా, ఎంతవరకొచ్చింది?"

"పెళ్ళికూతురి గడ్డం దాకా" అన్నాను.

"అదేంటక్కా!"

"నెట్‌వర్క్ స్లోగా ఉందయ్యా."

"నెట్ అయిపోయిందేమో, రీఛార్జ్ చేయించక్కా."

ఇది ఇంటర్నెట్ కాదు, మా ఇంట్లోనే మేడమీంచి కింద దాకా వెళ్ళే తీగ, దీనికి రీఛార్జ్ ఉండదు అని చెప్పాను. అర్థమైందన్నాడు. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి, "రీఛార్జ్ చేయించావా అక్కా?" అన్నాడు.

మా ఆయనకి చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "దత్తాంశం ఏమిటి?" అన్నారు. ఇంట్లో పాలు విరిగినా ముందు అదే అడుగుతారు.

"బల్ల కింద ఉన్నప్పుడు బాగుంది. మీరు కేబుల్ లాగాక బాగాలేదు" అన్నాను.

"అంటే కేబుల్ తప్పంటావు."

"నేనేమీ అనట్లేదు. దత్తాంశం చెప్పాను."

మా ఇంట్లో హాల్లో ఒక తెల్లబోర్డు ఉంది, ఆయన ట్యూషన్లది. దాని మీద అనుమానితుల జాబితా రాశారు. సర్వర్, నా కంప్యూటర్, మధ్యలో తీగలు కలిపే స్విచ్ అనే చిన్న పెట్టె, కేబుల్. రాసి, వెంటనే కేబుల్‌ని కొట్టేశారు. "ఎనిమిది లైట్లూ వెలిగాయి. నిరూపణ అయిపోయింది. ఇక దాని గురించి మాట్లాడకు."

సరే, మిగిలినవి చూశాం. స్విచ్ కొత్తది తెచ్చి పెట్టాం. తేడా లేదు. కిందికెళ్ళి సర్వర్‌కే తెర తగిలించి చూశాను. అక్కడ ఫొటోలు టపటపా తెరుచుకున్నాయి. అంటే సర్వర్ తప్పు లేదు. నా కంప్యూటర్‌ని ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మెట్లు దింపి, సామాన్ల గదిలో పెసరపప్పు డబ్బా మీద పెట్టి, పాత జానెడు తీగతో సర్వర్‌కి కలిపాం. నలభై పేజీలూ నిమిషంలో వచ్చాయి. అంటే నా కంప్యూటర్ తప్పూ లేదు.

"ఆ చివర బాగుంది, ఈ చివర బాగుంది. ఇక మిగిలిందేమిటండీ?" అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. "వాతావరణం" అన్నారు.

సామాన్ల గదిలో ఆయనకి కొత్త అనుమానితుడు కనిపించాడు. సర్వర్ మీద ఒక గిన్నె ఉంది. దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద పొత్రం. అత్తయ్య పెరుగు తోడేశారు. డబ్బా వెచ్చగా ఉంటుందని, అది కిందికి వచ్చిన రోజు నుంచీ పాలు దాని మీదే తోడుకుంటున్నాయట.

"అమ్మా! ఇది సర్వర్!"

"అయితే ఏం రా? పెరుగు గడ్డలా తోడుకుంటోంది. మొన్న గిన్నె ఊడ్చి తిన్నావుగా."

"నీ పెరుగు వల్ల నెట్‌వర్క్ స్లో అవుతోందేమో!"

అత్తయ్య గిన్నె తీసుకుని, కొంగుతో సర్వర్ పైభాగం తుడిచి, వెళ్ళిపోయారు. ఆ రోజంతా మాతో మాట్లాడలేదు. పెరుగు పోయింది కానీ వేగం రాలేదు. మర్నాడు ఆయనే వెళ్ళి గిన్నె తెచ్చి మళ్ళీ సర్వర్ మీద పెట్టి, "పెట్టుకో అమ్మా, దాని తప్పు లేదు" అన్నారు. ఆవిడ గెలిచినట్టు చూశారు కానీ పాలు మాత్రం పొయ్యి పక్కనే తోడేశారు.

తర్వాత అనుమానం మిక్సీ మీదికి పోయింది. కేబుల్ వంటింటి అటక మీదుగా వెళ్తుంది కాబట్టి, మిక్సీ తిరిగినప్పుడు ఏదో తేడా వస్తుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం అన్నాక ప్రయోగం చేయాలి. పది నిమిషాలు మిక్సీ వేయాలి, పది నిమిషాలు ఆపాలి. నేను కంప్యూటర్‌తో సహా మళ్ళీ మేడెక్కి వేగం చూసి అరవాలి, ఆయన మెట్ల మధ్య నిలబడి రాసుకోవాలి. ఖాళీ మిక్సీ తిప్పితే కాలిపోతుందని అత్తయ్య మినప్పప్పు నానబోశారు.

"ఇప్పుడు?" అని మెట్ల మీంచి ఆయన.

"ఒకటిన్నర!" అని పైనుంచి నేను. సెకనుకి వంద ఎంబీ దాటాల్సిన అంకె అది.

"అమ్మా, ఆపు! ఇప్పుడు?"

"ఒకటిన్నర!"

"అమ్మా, వెయ్యి! గట్టిగా!"

"ఇంకా గట్టిగా ఏముంటుందిరా, మూడో నంబరు మీదే ఉంది!"

"ఒకటిన్నర!"

మధ్యాహ్నానికి తేలిందేమిటంటే, మిక్సీకీ నెట్‌వర్క్‌కీ ఏ సంబంధమూ లేదు. మాకు మాత్రం మూడు గిన్నెల గారెల పిండి మిగిలింది. మూడు రోజులు గారెలు తిన్నాం. పక్కింటివాళ్ళకి పంపితే, ఏమిటండీ విశేషం అని అడిగారు. కేబుల్ గురించి ఎంతని చెప్తాం? ఏదో మొక్కు అన్నాను.

ఆపైన ఫ్రిజ్, వాటర్ మోటారు, హాల్లో టీవీ, చివరికి అత్తయ్య సీరియల్. ఒక్కోదాన్నీ ఆపడం, వేయడం, బోర్డు మీద అంకె రాయడం. సీరియల్ ఆపినప్పుడు ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను. బోర్డు నిండా ఒకటిన్నరలే. ప్రయోగాలయ్యాక కంప్యూటర్‌ని మళ్ళీ దింపి, నేను రోజూ కింద సామాన్ల గదిలో, పెసరపప్పు డబ్బా ముందు ముక్కాలిపీట మీద కూర్చుని పనిచేయడం మొదలుపెట్టాను. నడుం పట్టేసి నాలుగు రోజులకే కంప్యూటర్‌తో సహా మళ్ళీ మేడెక్కాను, ఆల్బమ్ అక్కడే ఆగిపోయింది. హనుమాన్ జంక్షన్ నుంచి ఫోన్లు పెరిగాయి. "అక్కా, పెళ్ళికూతురు వాళ్ళమ్మగారు స్టూడియోకొచ్చి కూర్చున్నారక్కా. టిఫిన్ కూడా ఇక్కడే చేశారు" అన్నాడు ఒకరోజు, ఏడుపు గొంతుతో.

సెలవలైపోయి ఆయన కాలేజీకి వెళ్ళిన మొదటి రోజు, నేను చాటుగా కేబుల్ కొన్న షాపుకి ఫోన్ చేశాను. అక్కడ సర్వీసు చూసే ఆవిడ ఫోన్ తీసింది. నిదానమైన గొంతు. జరిగిందంతా చెప్పాను, పెరుగు సంగతితో సహా. ఆవిడ నవ్వకుండా విన్నది.

"మేడమ్, ఆ ప్లగ్గుని దగ్గర్నుంచి ఒక ఫొటో తీసి పంపిస్తారా అండి? తీగల రంగులు కనపడాలండి."

ఫొటో అంటే నా పనే కదా. పెళ్ళిళ్ళలో ఉంగరాలు, గోరింటాకు దగ్గర్నుంచి తీసే లెన్సు ఒకటి నా దగ్గర కూడా ఉంది. ప్లగ్గుని తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ వెలుగులో చక్కగా తీశాను. తెర మీద పెద్దది చేశాను. అలవాటు చొప్పున పంపేముందు రంగులు సరిగ్గా ఉన్నాయా అని చూశాను. నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, గోధుమరంగు...

అక్కడ ఆగాను. మా ఆయన స్నానాల గదిలో వందసార్లు పాడిన పాట నాకూ వచ్చు. ఆరోది ఆకుపచ్చ రావాలి. గోధుమరంగు ఎనిమిదోది. ఇక్కడ ఆకుపచ్చ చివర్లో కూర్చుని ఉంది.

ఫొటో పంపాను. ఆవిడ రెండు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది. చేతిలో కేబుల్ ఉండటంతో స్పీకర్లో పెట్టాను. అత్తయ్య అక్కడే నేల మీద కూర్చుని గోంగూర వలుస్తున్నారు.

"మేడమ్, ఆరో తీగా ఎనిమిదో తీగా తారుమారయ్యాయండి. అవతలి చివర ఎలా ఉందో చూస్తారా?"

కిందికెళ్ళి చూసొచ్చాను. "అక్కడా ఇలాగే ఉందండి. మరి లైట్లన్నీ వెలిగాయి కదా?"

"వెలుగుతాయండి. ఆ టెస్టరు తీగ తెగిందా లేదా అనే చూస్తుందండి. రెండు చివర్లా ఒకే తప్పు చేస్తే దానికి అన్నీ బాగున్నట్టే లెక్క. కానీ లోపల అవి జంటలండి. ఆకుపచ్చ, ఆకుపచ్చ తెలుపు ఒక జంట. గోధుమ, గోధుమ తెలుపు ఒక జంట. కలిసి మెలిపడి ఉంటాయి. ఒకదాని గొడవ ఇంకోటి సర్దుకుంటుందండి. ఇక్కడేమైందంటే, ఒక జంటలోది వెళ్ళి ఇంకో జంటలో దానితో కలిసిందండి. అందుకని రెండు జంటలూ పాడైపోయాయి."

అత్తయ్య గోంగూర వలవడం ఆపేశారు.

"ఎవరమ్మాయ్? ఏ ఇంట్లో?"

"తీగలత్తయ్యా!"

"రెండు చివర్లా అంటోంది. ఈ వీధి చివరా?"

ఫోన్లో ఆవిడ దగ్గినట్టు నవ్వు ఆపుకుంది. "ఒక మాటండీ మేడమ్. పొరపాటున చేసేవాళ్ళు ఒక చివర ఒకలా, రెండో చివర ఇంకోలా చేస్తారండి. ఇది బిగించినాయనెవరో చాలా పద్ధతైన మనిషండి."

"మా ఆయనేనండి" అన్నాను.

సాయంత్రం ఆయన వచ్చి కాఫీ తాగేదాకా ఆగాను. మేడమీదికి పిలిచి, తెర మీద ప్లగ్గు ఫొటో చూపించాను. తీగలు ఒక్కోటి బెండకాయంత లావున కనిపిస్తున్నాయి.

"ఆరోది ఏ రంగండీ?"

"గ్రీన్."

"సరిగ్గా చూడండి."

"గ్రీనేగా."

"కళ్ళజోడు పెట్టుకుని చూడండి."

పెట్టుకున్నారు. వంగి చూశారు. "గ్రీన్" అన్నారు, పరీక్షలో మార్కులు వేసే గొంతుతో.

నాకు ఒళ్ళు మండింది. తప్పు ఒప్పుకోవడం ఇష్టంలేక మొండికేస్తున్నారనుకున్నాను. ఆల్బమ్‌లో వాడే రంగుల పలక తెరిచి, రెండు చదరాలు పక్కపక్కన పెట్టాను. ఒకటి అరిటాకు పచ్చ, ఇంకోటి చెక్క గోధుమ.

"ఈ రెంటిలో గ్రీన్ ఏది?"

ఆయన ఒకసారి తెర వైపు, ఒకసారి నా వైపు చూశారు. "ఏమిటీ పరీక్ష? రెండూ ఒకటే కదా. ఇదేదో కాస్త ముదురు."

మొండితనం కాదని అప్పుడు అర్థమైంది. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. పక్కన కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళ కాపురం. నేను చేసే పనే రంగులు. ఏ ఆల్బమ్‌కైనా రెండు రకాల రంగులు వేసి, ఏది బాగుందని ఆయన్నే అడుగుతాను. ఆయన ఎప్పుడూ రెండోదే అంటారు. ఆయనది నిలకడైన అభిరుచి అని స్టూడియోల వాళ్ళకి కూడా చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ నేనడిగితే రెండోది, రెండోది అనేవారు?"

"రెండూ ఒకలాగే ఉండేవి. నువ్వు అంత ఆశగా అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా" అన్నారు. "మొదటిది అంటే సరిగ్గా చూడలేదంటావని రెండోది అనేవాణ్ణి."

ఎన్ని కుటుంబాల పెళ్ళిళ్ళు ఆయన మొహమాటం మీద అచ్చయ్యాయో తలచుకుంటే నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వుతుంటే ఆయనా నవ్వారు. సంగతేమిటో తెలియక అత్తయ్య కింద నుంచి, "ఏమిటర్రా?" అంటూ మెట్లెక్కి వచ్చారు. ఆవిడ కట్టుకున్నది ముక్కుపొడి రంగు చీర.

"అత్తయ్య చీర ఏ రంగండీ?"

"గ్రీన్."

"ఒరేయ్! ఈ వయసులో నాకు చిలకపచ్చ చీర కడతావా!" ఆవిడ నిజంగానే అదిరిపడ్డారు. సంగతి చెప్పాం. కాసేపు నమ్మలేదు. నమ్మాక, వెంటనే కారణం చెప్పారు. "వాళ్ళ నాన్నగారి వైపు నుంచి వచ్చుంటుంది. వాళ్ళ వంశంలో ఒక్కరికీ దేనికీ శ్రద్ధ లేదు."

మా ఆయన అప్పటికే ఫోన్లో చదువుతున్నారు. "అమ్మా, ఇది మగపిల్లలకి తల్లి వైపు నుంచి వస్తుందట. మేనమామకి కూడా ఉండే అవకాశం ఉందట."

"ఫోన్లో అన్నీ నిజాలే ఉంటాయా? మా వైపు ఎవరికీ లేదు. కావాలంటే వాడికి ఫోన్ చెయ్యి."

వాడంటే ఆవిడ తమ్ముడు. కంకిపాడులో వ్యవసాయం. వీడియో కాల్ చేస్తే గట్టు మీద నిలబడి మాట్లాడారు. వెనకాల నారుమడి పచ్చగా మెరుస్తోంది.

"మావయ్యా, నీ వెనకాల నారు ఏ రంగు?"

"నారు రంగు."

"అదే, ఏ రంగు?"

"నారు ఏ రంగులో ఉంటుందిరా? నారు రంగులోనే ఉంటుంది."

"పోనీ పండిన చేను?"

"పండిన చేను రంగు."

అత్తయ్య ఊరుకోలేక వంటింట్లోంచి ఒక పచ్చిమిరపకాయ, ఒక పండుమిరపకాయ తెచ్చి ఫోన్ ముందు పెట్టారు. "ఇందులో పండింది ఏదో చెప్పరా."

"కొరికితే తెలుస్తుందక్కా."

"చూస్తే తెలీదా?"

"చూస్తే ఎవరికి తెలుస్తుంది?" అని ఆయన అమాయకంగా అడిగారు. అరవై ఏళ్ళుగా ప్రపంచంలో అందరూ మిరపకాయ కొరికే తెలుసుకుంటున్నారని ఆయన నమ్మకం. చేను పండిందో లేదో కూడా గింజ పంటి కింద పెట్టే చెప్తారట, ఎప్పుడూ తప్పలేదట. అత్తయ్య ఫోన్ నా చేతికిచ్చి, గోంగూర పొయ్యి మీద ఉందంటూ కిందికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే ప్లగ్గులు మార్చాం. నేను బిగిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు రంగు చెప్పు, నేను తీగ పెడతాను" అన్నారు. పాత ప్లగ్గు కోసి, తీగలు విడదీసి, ఒక్కోటి నాకు చూపించారు. ఇదివరకు తప్పెలా వచ్చిందో కూడా అప్పుడే తేలింది. ఆయన కంటికి తేడా తెలిసేది ముదురు, లేత మాత్రమే. ముదురుగా కనిపించింది ఆకుపచ్చ అని లెక్క పెట్టుకున్నారు. చారలున్న తీగల్లో ఆకుపచ్చ చారే లావు, కాబట్టి అక్కడ సరిపోయింది. చారలు లేనివాటిలో గోధుమే ముదురు. అక్కడ బోల్తా పడ్డారు. రెండు చివర్లా ఒకే లెక్క, ఒకే తప్పు.

కింద చివర దగ్గర అత్తయ్య కూడా వచ్చి నిలబడ్డారు. నేను బ్రౌన్ అంటే, ఆవిడ వెనకనుంచి, "కాఫీపొడి రంగు రా, కాఫీపొడి రంగు" అని అందించారు. బిగించాక టెస్టరు పెట్టారు. ఎనిమిది లైట్లూ వెలిగాయి. పద్ధతి చూపించకుండా జవాబు మాత్రం సరిగ్గా రాసిన విద్యార్థిని చూసినట్టు దాన్ని చూసి, సంచిలో వేసేశారు. నేను మేడమీదికి పరిగెత్తి ఆల్బమ్ తెరిచాను. పాపిటబిళ్ళ, నుదురు, ముక్కు, గడ్డం, పక్కన పెళ్ళికొడుకు, వెనకాల ఇరవైమంది చుట్టాలు, అందరూ ఒక్కసారే వచ్చి నిలబడ్డారు.

"ఎంత?" అని మెట్ల మీంచి ఆయన అరిచారు.

"నూట పదకొండు!"

కింద నుంచి చప్పట్లు వినిపించాయి. మర్నాడే ఆల్బమ్ పంపేశాను. "చెప్పానుగా అక్కా, రీఛార్జ్ చేయిస్తే పోతుందని" అన్నాడు హనుమాన్ జంక్షన్ అతను.

ఆయన మాత్రం రెండు మూడు రోజులు కాస్త ముభావంగా ఉన్నారు. ఒక పూట నా గదిలోకి వచ్చి, పక్కన నిలబడి తెర చూస్తూ, "గ్రీన్ అంటే అసలు ఎలా ఉంటుంది?" అని అడిగారు. పదిహేనేళ్ళుగా రంగులతో పనిచేస్తున్న దాన్ని, అయినా మాటలు వెతుక్కుని, కళ్ళకి చల్లగా ఉంటుందన్నాను. "బ్రౌన్?" అన్నారు. కొంచెం వెచ్చగా, అన్నాను. ఆయన తల ఊపారు. "నాకు రెండూ హాయిగానే ఉంటాయి" అన్నారు. అప్పట్నుంచి కాస్త తేలికపడ్డారు. కాలేజీలో కూడా చెప్పేశారట. పిల్లలు ఇంటర్వెల్లో పెన్నులన్నీ తెచ్చి ఇదేం రంగు, అదేం రంగు అని చంపుతున్నారట.

ఎందుకైనా మంచిదని బెంజ్ సర్కిల్ దగ్గర కంటి డాక్టర్‌కి చూపించుకుందామన్నాను. మావయ్య కూడా కంకిపాడు నుంచి వచ్చారు. రానన్న అత్తయ్య, తమ్ముడికి ఏమీ లేదని తేలితే చూడాలని చివరి నిమిషంలో కారెక్కారు. డాక్టరమ్మ రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచి, చుక్కల్లో ఏ అంకె కనిపిస్తోందో చెప్పమన్నారు. నాకూ అత్తయ్యకూ డెబ్భైనాలుగు స్పష్టంగా కనిపిస్తోంది.

"ఏమీ లేదండీ. శూన్యసమితి" అన్నారు మా ఆయన.

మావయ్య మాత్రం డాక్టర్‌ని నొప్పించడం ఇష్టంలేక, "యాభై అండి" అన్నారు. తర్వాతి పేజీకి కూడా యాభై అన్నారు. దాని తర్వాతది తీసేసరికి కొంచెం ఆలోచించి, "ఇది యాభై ఒకటండి" అన్నారు.

"పోనీ, నేను చెప్పినట్టే చెప్పరా" అని అత్తయ్య తమ్ముడి చెవిలో గొణిగారు.

పుట్టుకతో వచ్చింది, జబ్బు కాదు, మందు లేదు, భయపడక్కర్లేదు అన్నారు డాక్టరమ్మ. "మందు లేదంటే నిక్షేపంలా ఉన్నట్టేగా అండి" అని మావయ్య నమస్కారం పెట్టి బయటికి వచ్చారు.

తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర కారు ఆగింది. మా ఆయన నడుపుతున్నారు, మావయ్య ముందు సీట్లో. వెనక నేనూ అత్తయ్యా. అప్పుడు మావయ్యకి అనుమానం వచ్చింది.

"ఒరేయ్, నీకు సిగ్నల్ ఎలా తెలుస్తుందిరా?"

"పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే వెళ్ళాలి. అంతే కదా మావయ్యా."

"నేనూ అంతే" అన్నారాయన తృప్తిగా. "మరి కొన్నిచోట్ల అడ్డంగా పెడతారు చూడు, అక్కడ?"

"అక్కడ ముందున్న ఆటోని చూస్తాను."

"ఆటోవాడు ఎవర్ని చూస్తాడురా?" అని వెనకనుంచి అత్తయ్య అడిగారు.

సిగ్నల్ దాటాక కారు పక్కకి ఆపమన్నాను. నేను స్టీరింగ్ ముందుకి వచ్చాను, ఆయన వెనక్కి వెళ్ళి వాళ్ళమ్మగారి పక్కన కూర్చున్నారు. పటమట దాకా నేనే నడిపాను. దారిలో ఇంకో సిగ్నల్ పడింది. అది మారగానే, ముందునుంచి ఒకరు, వెనకనుంచి ఒకరు, ఒక్కసారే అరిచారు.

"కిందది! కిందది!"